అభ్యంతరాలేవీ వినబడలేదు

ఒక మనిషి ఒకేసారి రెండు గదుల్లో కూర్చోలేడన్న సంగతి ఆ సమావేశాల వేళలు వేసేవాళ్ళకు తెలియక కాదు. తెలిసినా పట్టదు, అంతే. పెద్ద దేశాలకు ఆ ఇబ్బంది లేదు. గదికి ముగ్గురు చొప్పున దిగుతారు. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు, మూడో ఆయన కాఫీలు మోస్తాడు. కిరిబాటి దీవుల నుంచి ఆ జూన్‌లో వాతావరణ మార్పు చర్చలకు బాన్ నగరానికి వచ్చినవాళ్ళు మొత్తం ఇద్దరు. రాజధాని తరావాలో పర్యావరణ శాఖ ఉద్యోగిని మరెవెయా, తెరికియా దీవి పెద్ద బవురో తాత.

మరెవెయాకు ఈ సమావేశాలు కొత్త కాదు. బవురో తాతకు మాత్రం విమానమెక్కడమే ఇది మొదటిసారి. ఊరి గోడు ఊరి పెద్ద నోటితోనే వినిపిస్తే అక్కడివాళ్ళ మనసు కరుగుతుందేమోనని మరెవెయా పై అధికారికి తోచింది. మంచుకొండలు కరుగుతున్నాయంటేనే చలనం లేని గదులవి. అయినా పై అధికారికి తోచాక ఇంక చెప్పేదేముంది, టికెట్ వచ్చింది.

ఊరికి దూరంగా, చవగ్గా దొరికిన హోటల్ నుంచి ట్రాములో వస్తున్నారు ఇద్దరూ. జూన్ ఎండ కూడా తాతకు చలిగానే ఉంది. మరెవెయా స్వెటర్ తొడుక్కుని, పైదాకా గుండీలు పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న మొగలిపండు పొడిని కాగితపు గ్లాసులో వేన్నీళ్ళతో కలుపుకు తాగుతున్నాడు. ఎదుటి సీటులో ఉన్న పాప ఆ వాసనకు ముక్కు ఎగబీలిస్తే గ్లాసు ముందుకు చాపి తాగుతావా అని సైగ చేశాడు. ఆ పాప తల్లి వెనక దాక్కుంది.

"తాతా, మళ్ళీ ఒకసారి చెప్పనా?" అంది మరెవెయా.

"చెప్పు తల్లీ. చెప్పినకొద్దీ నాకు ధైర్యం పెరుగుతోంది, నీకేమో భయం పెరుగుతోంది."

"మన దేశం పేరున్న పలక బల్లమీద అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది కదా. మన పేరా తీసేద్దామని ఎవరైనా అన్నారనుకోండి, దాన్ని నిలువుగా నిలబెట్టండి. మీరు మాట్లాడక్కర్లేదు. అది నిలబడి ఉన్నంతసేపూ వాళ్ళు ముందుకు పోలేరు. ఈలోగా నేను పరుగెత్తుకొచ్చేస్తాను."

"పలక నిలబెట్టాలి. ఇదేనా బ్రహ్మవిద్య?"

"ఇదే."

"మరి నువ్వు ఎక్కడుంటావు?"

డబ్బుల గదిలో, అంది ఆమె. ఏ దేశం ఎంత ఇవ్వాలి, ఇచ్చేది అప్పా దానమా అన్న గది అది. అక్కడ లేకపోతే ఇక్కడ పేరా మిగిలినా దానికి పైసా రాలకపోవచ్చు. ఇక్కడ లేకపోతే పేరాయే మిగలకపోవచ్చు. రెండూ ఒకే వేళకు పెట్టారు.

మన పేరా అని వాళ్ళు చెప్పుకునేది నిజానికి ఒక్క వాక్యం. సముద్రం పాలైన ఊళ్ళు చెల్లాచెదురు కాకుండా మొత్తంగా మరోచోటికి తరలడానికి విడిగా సహాయం అందాలి అని. అది బ్రాకెట్లలో ఉంది. బ్రాకెట్లలో ఉన్న మాటకు ఆ గదుల్లో ప్రాణం ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. ఈ జూన్‌లో బ్రాకెట్లతోనైనా మిగిలితే సంవత్సరం చివర మంత్రుల ముందుకు పోతుంది. మిగలకపోతే పోదు. తెరికియాలో పెద్ద పోటు వచ్చినప్పుడల్లా ఊరి నడిమధ్య నుంచి నీళ్ళు దాటిపోతున్నాయి. కందగుంటల్లో ఉప్పు దిగి దుంపలు కుళ్ళిపోయాయి. పక్క దీవివాళ్ళు చోటిస్తామన్నారు, కానీ అక్కడ ఇళ్ళూ నీళ్ళూ ఏర్పడేదాకా ఆగలేనివాళ్ళు ఒక్కో కుటుంబంగా లేచి తరావా రేకుల షెడ్లలోకి పోతున్నారు. ఇంకా కొన్నాళ్ళు ఇలాగే సాగితే మనుషులు ఉంటారు, తెరికియా ఉండదు. బవురో తాత ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క వాక్యానికి కాపలా కాయడానికి.

మరెవెయా ఆయన్ను గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ చెవులకు సర్ది, తెరమీద పేరా ఎక్కడుందో చూపించి, వదల్లేక వదల్లేక వెళ్ళింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే తాత పలకను ఒకసారి నిలబెట్టి, మళ్ళీ పడుకోబెట్టి, వచ్చిందిలే పో అన్నట్టు చెయ్యి ఊపాడు.

డబ్బుల గదిలో పొద్దంతా 'అందజేయాలి' అందామా, 'అందజేసేందుకు ప్రోత్సహించాలి' అందామా అనే దానితోనే గడిచిపోయింది. పెద్ద దేశం తాలూకు యువకుడొకడు, మంచివాడే, నవ్వుతూనే ప్రతి క్రియాపదానికీ నీళ్ళు కలుపుకుంటూ పోయాడు. మరెవెయా ఒక్కో మాటనూ పట్టుకుని వేలాడింది. ఒళ్ళో ఫోను పెట్టుకుని మాటిమాటికీ చూసుకుంది. ఏ కబురూ రాలేదు. కబురు లేదంటే అంతా బాగానే ఉందనుకుంది.

మధ్యాహ్నం వసారాలోకి వచ్చేసరికి బవురో తాత అద్దాల గోడ పక్కన కూర్చుని రొట్టెముక్క తింటున్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆమెను చూడగానే పక్కన చోటు తట్టి చూపించాడు.

"ఆపేశాను తల్లీ."

"ఏమైంది తాతా? తీసేద్దామన్నారా?"

"అంత మాట ఎవరూ అన్లేదు. నేను కాచుకునే ఉన్నాను, అంటే పలక లేపుదామని. చివర్లో ఆ నడిపే ఆవిడ తెరమీద ఏదో కొత్త కాగితం పెట్టి, ఇది అందరికీ సమ్మతమేనా అని అడిగింది. అందరినీ కలయజూసింది. నన్ను కూడా చూసింది, ఒకటి కాదు, రెండుసార్లు. నేను ఊరుకుంటానా? వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళమీద ఆనించి, తల దించుకుని కూర్చున్నాను. నోరు మెదిపితే ఒట్టు. చూసి చూసి కోపమొచ్చినట్టుంది, సుత్తి తీసుకుని బల్లమీద ఠంగుమని కొట్టి లేచిపోయింది."

మరెవెయా చేతిలోని కాగితాలు పక్కన పెట్టి ఫోను తీసింది.

తెరికియాలో ఊరి సభ కొబ్బరాకు కప్పు వేసిన పెద్ద పాక కింద జరుగుతుంది. ఏ కుటుంబానికి ఏ గుంజ కింద చోటో తాతముత్తాతల నాడే తేలిపోయింది. ఒక్కో గుంజ నుంచీ పెద్దవాడు పలకాలి, సరేనని నోటితో అనాలి. అందరూ అంటేనే విషయం తెగినట్టు. నచ్చనివాడు కాదని ఎదుటివాడి మొహంమీద అనడు, అది మోటుతనం. చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని తల దించుకుంటాడు. అంతటితో ఆ విషయాన్ని చాప చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టేస్తారు, ఇంకో రోజు మళ్ళీ పరుస్తారు. బవురో తాత జన్మంతా అలా కూర్చుని ఎన్నో కానిపనుల్ని ఆపాడు. మౌనం అర్ధాంగీకారమని ఎక్కడో ఎవరో అంటే అన్నారు గానీ, ఆ పాక కింద మౌనం అసలు అంగీకారమే కాదు. ఇక్కడేమో అది అచ్చంగా పూర్తి అంగీకారం.

ఆమె ఫోనులో వెతికింది. కొత్త ప్రతి అప్పటికే పెట్టేశారు. బ్రాకెట్లన్నీ పోయి కాగితం శుభ్రంగా ఉంది. ఆ వాక్యం లేదు. దాని ముందు పేరా, దాని తర్వాత పేరా దగ్గరకు జరిగి అసలు మధ్యలో ఎన్నడూ ఏమీ లేనట్టే ఉన్నాయి.

"మళ్ళీ ఎప్పుడు పరుస్తారట?" అనడిగాడు తాత.

"కనుక్కొస్తాను," అంది మరెవెయా. "మీరు తినండి."

సభ నడిపిన ఆవిడ మెట్లమీద దొరికింది. మర్యాదస్తురాలే. మరెవెయా చెప్పిందంతా నిలబడి వింది. తన తప్పేమీ లేదని రుజువు చేసుకోవాల్సిన అవసరం కూడా ఆమెకు లేదు, ఎందుకంటే నిజంగానే లేదు. మీ ప్రతినిధి వంక రెండుసార్లు చూశానంది. చివరి ప్రతి మీద అందరూ ఒకమాటకు వచ్చారు, ఆ పేరా సంగతి మీరు ఏదో సర్దుబాటు చేసుకున్నారేమో అనుకున్నానంది. మిగతా దీవులవాళ్ళు ఎందుకు ఊరుకున్నారని మరెవెయా అడిగింది. పేరా సొంతదారు కుర్చీలో ఉండగా పక్కవాళ్ళు కల్పించుకోవడం ఇక్కడ ఆనవాయితీ కాదు కదా, అంది ఆవిడ.

"కుర్చీ ఖాళీగా ఉంటే మీకోసం మనిషిని పంపేదాన్ని. ఖాళీగా లేదుగా," అంది.

మిగిలిన దారి ఒక్కటే. మర్నాడు సాయంత్రం ముగింపు సభలో ఆ ప్రతి అందరి ముందుకీ వస్తుంది. అక్కడ పలక లేపొచ్చు. లేపితే ఆ కాగితం మొత్తం ఆగిపోతుంది. ఒక్క పేరా కోసం తెరవడం ఉండదు, ఉంటే అంతా ఉంటుంది, లేకపోతే ఏదీ ఉండదు. వచ్చే సంవత్సరం మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలు. ఆవిడ ఇదంతా నెమ్మదిగా చెప్పి, మరెవెయా మోచెయ్యి తాకి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. తిట్టుకుందామంటే ఎవరూ దొరకని దుఃఖం మహా చెడ్డది.

తరావాకు ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజామయింది. పై అధికారి ఆవులిస్తూ విన్నాడు. నీ విచక్షణ ప్రకారం చెయ్యి, అన్నాడు. పై అధికారులు ఏ సముద్రం ఒడ్డున పుట్టినా ఆ మాట మాత్రం ఒకేలా అంటారు.

మర్నాడు పొద్దున పేద దేశాల కూటమి సమావేశానికి వెళ్ళేసరికి సంగతి అప్పటికే పాకింది. కూటమి తరఫున మాట్లాడేది జాంబియా మనిషి ముసోండా. పొడుగ్గా, వంగినట్టు నడుస్తాడు. మరెవెయా మొదటిసారి వచ్చినప్పుడు ఏ గదికి ఏ తలుపో చూపించి, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడితే నష్టమో నేర్పినవాడు. కిటికీ దగ్గరకు పిలిచాడు.

"నాకు కడుపు మండుతోంది చెల్లీ. రాత్రి తిండి సహించలేదు. కానీ నువ్వు పలక లేపితే మాకు బావులు తవ్వించే పేరా కూడా పోతుంది. మా దక్షిణాన వరసగా మొక్కజొన్న ఎండిపోతోంది. ఆ పేరా కోసం మేము ఎన్నేళ్ళు ఏడ్చామో నీకు తెలుసు."

"తెలుసన్నా."

"లేపొద్దని నేను అనను. అనే హక్కు నాకు లేదు."

ఆ వెనకే నేపాల్ అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. కొండమీద చెరువు తెగితే కింద ఊళ్ళను హెచ్చరించే సైరన్ల మాట ఆ కాగితంలోనే ఉంది. ఆమె ఏమీ అడగలేదు, మరెవెయా చేతిలో ఒక టీ కప్పు పెట్టింది. ఆ గదిలో ఒక్కరికైనా ఆమెమీద కోపం వచ్చుంటే బాగుండేది. ఎవరైనా గట్టిగా నాలుగు మాటలు అనుంటే ఆమె కూడా నాలుగు అనుండేది, పలక లేపడం తేలికయ్యేది. ఉన్నది ఒక్క దుప్పటి, కప్పుకోవలసినవాళ్ళు ఇంటినిండా. దుప్పటి ఇచ్చినవాళ్ళు ఆ గదిలోనే లేరు. వాళ్ళు ఎక్కడో హాయిగా ఉపాహారం చేస్తున్నారు, పేచీ అంతా కప్పుకునేవాళ్ళ మధ్యనే.

మధ్యాహ్నం తాతను నది ఒడ్డుకు తీసుకుపోయింది. బొగ్గు మోసుకుంటూ పడవలు పోతున్నాయి. ఇంక దాచడం తన వల్ల కాలేదు. మొత్తం చెప్పేసింది. నిన్న చెప్పనందుకు క్షమించమంది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"అయితే ఇక్కడ నోరు మూసుకుంటే ఔనన్నట్టా?"

"ఔను తాతా."

"మరి పెద్దమనిషి కాదనడం ఎట్లా?"

"గట్టిగా అనాలి. అందరిముందూ."

"సిగ్గు లేకుండా."

"సిగ్గు లేకుండానే."

తాత ముక్కు మీద వేలు వేసుకున్నాడు. స్వెటర్ గుండీ ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన చేతులు ఊళ్ళో వల అల్లే చేతులు, ఊరికే ఉండలేవు. ఫరవాలేదులే, సాయంత్రం సభలో నేనే లేపుతాను, నా తప్పు నేనే దిద్దుకుంటాను అన్నాడు.

అప్పుడు ఆమె బావుల గురించి చెప్పింది, కొండమీద చెరువు గురించి చెప్పింది. ముసోండా ఎలాంటివాడో చెప్పింది. ఆయన తల ఆడించాడు. ఉప్పునీళ్ళ బావి పక్కన పుట్టిన మనిషికి ఎండిన బావి సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

"వాళ్ళ బావులు తవ్వాలంటే మన ఊరు పోవాలని ఎవరు పెట్టారు ఈ లెక్క?" అన్నాడు చివరికి.

ఆమెకు తెలిసి ఎవరూ పెట్టలేదు. ఎవరికి వాళ్ళు కొంచెం కొంచెం జరిగారు, అంతే.

ముగింపు సభ పెద్ద హాల్లో. దేశాలన్నీ వరసలుగా. కిరిబాటికి ముందొక కుర్చీ, వెనకొక కుర్చీ. తాతను ముందు కూర్చోమంది మరెవెయా. వయసుకు మర్యాద కనక అలా అంది. ఆ తర్వాత వెనక కుర్చీ ఆయన పక్కకు జరుపుకుని తానూ బల్ల దగ్గరకే వచ్చింది. అది మర్యాద కోసం కాదని ఇద్దరికీ తెలుసు.

వేదిక మీద అధ్యక్షుడు తొందరలో ఉన్నాడు. విమానాల వేళ అయినట్టుంది, హాలు నిండా చక్రాల పెట్టెలు. ఒక్కో అంశం పేరు చదవడం, తల ఎత్తడం, సుత్తి కొట్టడం. బవురో తాత హెడ్‌ఫోన్ రెండు చేతులతో అదిమి పట్టుకుని వింటున్నాడు. తమ కాగితం పేరు రాగానే హెడ్‌ఫోన్ వదిలేశాడు.

"ఈ ప్రతిని ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

తాత చెయ్యి పలక మీదికి పోయింది. ముడతలు పడ్డ వేళ్ళు దాని అంచు కిందికి దూరి, నిలబెట్టడానికి సిద్ధమయ్యాయి. మరెవెయా ఆలోచించలేదు. ఆలోచించాను అని తర్వాత ఎవరికి చెప్పినా అది అబద్ధమే అవుతుంది. తన చెయ్యి ఆయన చేతిమీద వేసి అదిమింది.

ఆయన ఆమె వంక చూశాడు. గట్టిగా ఒక్క విసురు విసిరితే ఆమె చెయ్యి ఎగిరిపోయేదే, జీవితమంతా పడవలు లాగిన చెయ్యి అది. విసరలేదు. అలాగని వేళ్ళు వెనక్కీ తీసుకోలేదు. పలక ఒక పక్క కొంచెం లేచింది, ఆమె ఇంకొంచెం బరువు వేసింది, అది దిగింది. నాలుగు వరసల అవతల ముసోండా మెడ తిప్పి చూశాడు, చూసి వెంటనే ముందుకు తిరిగిపోయాడు. అధ్యక్షుడు హాలును ఎడమనుంచి కుడికి తీరిగ్గానే చూశాడు. ఎక్కడా ఏ పలకా నిలబడి లేదు.

"అభ్యంతరాలేవీ వినబడలేదు. ఆమోదించడమైనది."

సుత్తి పడింది. చప్పట్లు కొట్టారు. నేపాల్ అమ్మాయి ఏడుస్తూ పక్కనామెను కావలించుకుంది, అది సంతోషమే. డబ్బుల గదిలో క్రియాపదాలకు నీళ్ళు కలిపిన యువకుడు పెట్టె లాక్కుంటూ పోతూ మరెవెయా దగ్గర ఆగి చెయ్యి చాపాడు. మీలాంటి సర్దుకుపోయే మనుషులుంటే ఈ పనులు ఎంత సులువో అన్నాడు, మనస్ఫూర్తిగా. ఆమె ఎడమ చెయ్యి ఇచ్చింది. కుడిచెయ్యి ఇంకా తాత చేతిమీదే ఉంది.

హాలు సగం ఖాళీ అయ్యాక తాత మాట్లాడాడు.

"ఊళ్ళో అడుగుతారు, ఎవరు ఒప్పుకున్నారని. నేనే అని చెప్తాను."

"తాతా, నిన్న మీకు తెలియక జరిగింది. ఇవాళ మిమ్మల్ని ఆపింది నేను. నేనే వచ్చి చెప్తాను."

"చెప్పొద్దు. తెలిసే ఒప్పుకున్నానంటాను."

"ఎందుకు తాతా? మిమ్మల్ని గుంజ కింద కూర్చోనివ్వరు. బయట చూరు కింద కూర్చోబెడతారు."

"కూర్చోబెట్టనీ. నేను పోయేవాణ్ణి. నిన్ను తిట్టుకుంటే వచ్చే ఏడు ఇక్కడికి మాకోసం ఎవరొస్తారు? మాకు నువ్వొక్కదానివే ఉన్నావు." ఇంకా నెమ్మదిగా అన్నాడు. "ఇంకోటి కూడా ఉంది తల్లీ. పెద్దవాడు తెలియక చేశాడంటే ఊరు భయపడిపోతుంది. తెలిసి చేశాడంటే కోప్పడుతుంది. కోపం మేలు."

ఏమనాలో మరెవెయాకు తెలుసు. వద్దు తాతా అనాలి. నిజం చెప్పి తీరతానని, పాక మధ్యలో నిలబడి అందరిముందూ చెప్తానని అనాలి. కానీ వచ్చే జూన్‌లో ఈ కుర్చీ కనబడుతోంది కళ్ళముందు, ఖాళీగా. ఆమె ఏడ్చింది, మాట మాత్రం అనలేకపోయింది.

పలకలు ఏరుకునే మనిషి తోపుడుబండితో వాళ్ళ వరసలోకి వచ్చాడు. దేశాలను ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ, దగ్గరకు రాగానే ఆగాడు. రెండు చేతుల కింద ఉన్న పలకను చూశాడు. కొంచెం చేతులు తీస్తారా అని మర్యాదగా అడిగాడు.

ఇద్దరూ తీశారు.